చివరి వరసలో చల్లారని కారు

ఐసు ఫ్యాక్టరీ వెనక పాత కార్ల యార్డు ఒకటుంది. అందులో చివరి వరస మంచిది కాదని అంటారు.

ముందు వరసల్లో పగలంతా జనమే. టైర్లు తన్ని చూసేవాళ్లు, తలుపులు తీసి వేసేవాళ్లు, బేరాలాడేవాళ్లు. చివరి వరస దాకా ఎవరూ రారు. అక్కడ ప్రహరీగోడ కొంత కూలింది. కూలిన చోట ఇనప గేటు ఒకటి నిలబెట్టారు. దానికి తాళం లేదు. తీగ చుట్టి ఉంటుంది. గేటు అవతల సందు. సందులో దీపం లేదు.

ఏడు నెలల్లో ముగ్గురు వాచ్‌మన్లు మానేశారు. మొదటివాడు కారణం చెప్పలేదు. రెండోవాడు జీతానికి కూడా ఆగలేదు. మూడోవాడు మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడట...

"అక్కడొక కారు ఊపిరి తీసుకుంటోంది."

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిస్తే మా అమ్మాయిని ఆ గేటు దాటనిచ్చేదాన్ని కాదు.

మొదటి రెండు రోజులూ నేను అక్కడ లేను. అమ్మాయి చెప్పిందీ, మా తమ్ముడు చెప్పిందీ కలిపి చెబుతున్నాను. మూడో రోజు మాత్రం నేనే ఉన్నాను.

మా అమ్మాయి కళ్లాసుపత్రిలో చూపు పరీక్ష చేస్తుంది. రాత్రి ఆఖరి బస్సుకి వస్తుంది. బస్సు దిగిన మలుపు నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ నేను మా ఇంటి గేటు పట్టుకుని నిలబడతాను. వాళ్ల నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. కారు కొందామని ముందు అన్నది నేనే.

కొత్త కారు మా వల్ల కాదు. పాతదే చూడాలి. కానీ మా అమ్మాయికి ఏదో ఒక పాత కారైతే కుదరదట.

"పాత కార్లు రెండు రకాలమ్మా," అంది. "కొన్ని తుక్కయిపోతాయి. కొన్ని ఇంకో పదేళ్లు ఆగితే, జనం ఆగి ఫొటోలు తీసుకునేవి అవుతాయి. ఆ రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోని ఇప్పుడే పట్టుకోవాలి."

"ఏది ఏ రకమో నీకెలా తెలుస్తుందే?"

దానికో నోటుపుస్తకం పెట్టింది. తక్కువ తయారైన మోడలు కావాలి. రంగు కంపెనీలో వేసిందే ఉండాలి. తలుపుల కింద, నేల మీద తుప్పు ఉండకూడదు. కాగితాలన్నీ ఉండాలి. ఒకే ఇంట్లో పెరిగిన కారు కావాలి.

మా తమ్ముడు పకపకా నవ్వాడు. వాడు మెకానిక్కు. పక్క వీధిలోనే షెడ్డు. "కారు చూస్తున్నావా, సంబంధం చూస్తున్నావా డాక్టరమ్మా?"

"నువ్వొచ్చి ఇంజిన్ చూడు మామయ్యా, చాలు."

"పదేళ్లకి విలువ పెరుగుతుందంటే నన్నూ మీ అమ్మనీ కూడా ఓ షెడ్డులో పెట్టి గుడ్డ కప్పవే."

అలా నవ్వుకుంటూనే వెళ్లారు ఇద్దరూ.

యార్డులో ఆ కారు కనిపించింది. చిన్నది. చదరంగా ఉంటుంది, దీపాలు మాత్రం గుండ్రం. లేతాకు రంగు. మూడేళ్లే తయారుచేసి ఆపేసిన మోడలట. పుస్తకంలో రాసుకున్నవన్నీ దానికున్నాయి. మా అమ్మాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నోరు తెరిచి నిలబడిపోయిందట.

అది చివరి వరసలో ఉంది.

మా తమ్ముడికి ఒక పద్ధతుంది. పాత కారుని చల్లారిన ఇంజిన్‌తోనే చూస్తాడు. అమ్మేవాడు ముందే వేడిచేసి పెడితే రోగాలన్నీ దాక్కుంటాయి. పొగ కనపడదు, మొరాయింపు తెలియదు. అందుకని చెప్పా పెట్టకుండా తెల్లవారకముందే వెళ్తాడు. వెళ్లగానే ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. జ్వరం చూసినట్టు.

అలా మొదటి రోజు తెల్లవారుజామున అయిదున్నరకి ఇద్దరూ యార్డు ముందున్నారు. ఓనరు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

తమ్ముడు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఏంటన్నా, మాకు తెలీదనుకున్నావా? ఇప్పుడే ఆపినట్టున్నావు."

ఓనరు మొహంలో రంగు మారింది. "నేనిప్పుడేగా వచ్చింది? ఏడు నెలలుగా ఆ కారుని ఎవరూ కదపలేదు. తాళం నా సొరుగులో ఉంది. సొరుగుకి కూడా తాళమే."

ఏడు నెలలు కదలని కారు బ్యాటరీ చచ్చిపోయి ఉండాలి. తమ్ముడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకి... ఇంజిన్ అందుకుంది.

"అబద్ధాల కోరు," అన్నాడు తమ్ముడు బయటికొచ్చాక. "రేపు ఇంకా పెందలాడే వద్దాం." వచ్చేముందు మీటరు అంకె చేతి మీద రాసుకున్నాడు. పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూసుకున్నాడు. డ్రైవరు సీటు మరీ ముందుకి ఉంటే తన కాళ్లకి సరిపడా వెనక్కి జరిపాడు. దాన్నలాగే వదిలేసి వచ్చాడు.

రెండో రోజు నాలుగుంపావుకే వెళ్లారు. ఓనరు ఇంకా రాలేదు. కొత్త వాచ్‌మన్ ముందు గేటు తీశాడు. కరెంటు స్తంభం దాకా వచ్చి ఆగిపోయాడు.

"నేనిక్కడే ఉంటానండీ."

"ఏం?"

"ఇక్కడే ఉంటానండీ," అన్నాడు మళ్లీ.

వాళ్లిద్దరే వెళ్లారు. కార్ల మీద మంచు పడి ఉంది. అన్ని కార్ల అద్దాలూ తెల్లగా... ఆ ఒక్క కారు బానెట్ మీద మాత్రం మంచు లేదు.

చెయ్యి పెట్టగానే తమ్ముడు వెనక్కి లాక్కున్నాడట. కాలింది.

అమ్మాయి వాడి చొక్కా పట్టుకుంది. "మామయ్యా... సీటు."

సీటు ముందుకి ఉంది.

తమ్ముడు టార్చి మీటరు మీద వేశాడు. చేతి మీద రాసుకున్న అంకెతో పోల్చి చూశాడు. నాలుగు కిలోమీటర్లు పెరిగింది.

లోపలెక్కడో ఇంజిన్ చల్లారుతూ... టిక్... టిక్... మంటోంది. ఊపిరి తీసుకుంటున్నట్టు.

ఓనరు వచ్చి తాళం ఇచ్చాక చూస్తే పెట్రోలు ముల్లు నిన్నటి కంటే పైన ఉంది. తమ్ముడు ఒక్కటే అడిగాడు. "రెండో తాళం ఏది?"

"అమ్మినాయన ఒక్కటే ఇచ్చాడు. రెండోది పోయిందన్నాడు."

"కంపెనీ ఏ కారుకైనా రెండిస్తుంది."

ఓనరు గొంతు తగ్గించి అన్నాడు. "ముగ్గురు వాచ్‌మన్లు పోయారు. తీసుకెళ్లిపోండన్నా. ఎంతకైనా సరే. తీసుకెళ్లిపోండి."

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పారు. "వద్దు," అన్నాను. "ఆ మాట మళ్లీ ఇంట్లో వినపడకూడదు."

అమ్మాయి మొండికేసింది. "అమ్మా, తుప్పు చుక్క లేదు. రంగు అలాగే ఉంది. ఒకే ఇంటి కారు. ఇంకో పదేళ్లు వెతికినా ఇలాంటిది దొరకదు."

"దొరక్కపోతే పోయింది. ఒరేయ్, నువ్వైనా చెప్పరా."

తమ్ముడు చేతి మీద అంకె వైపే చూస్తున్నాడు. సబ్బుతో కడిగినా పోలేదు.

"అక్కా, నేను దెయ్యాల్ని నమ్మను. మీటర్ని నమ్ముతాను. మీటరు తిరిగింది. ఎవరు తిప్పారో చూడకపోతే నాకు నిద్రపట్టదు."

వాళ్లిద్దర్నీ పంపి నేను ఇంట్లో కూర్చోలేను. నేనూ వస్తానన్నాను.

మూడో రోజు. తెల్లవారుజామున మూడున్నర. చివరి వరసలోనే చక్రాల్లేని వ్యాను ఒకటుంది. అందులో కూర్చున్నాం. సీట్లు చినిగి స్పాంజి బయటికొచ్చింది. తమ్ముడు ముందు, మేం వెనక. అమ్మాయి చెయ్యి నా చేతిలో ఉంది. చిన్నప్పటి తర్వాత అంతసేపు పట్టుకోనివ్వడం అదే.

ఎదురుగా ఆ కారు. గుండ్రటి దీపాలు మావైపే చూస్తున్నట్టున్నాయి.

నాలుగు కావస్తోంది. వెనక గేటు దగ్గర... తీగ విప్పుతున్న చప్పుడు.

ఎవరో నడిచొస్తున్నారు. అడుగులు చిన్నవి. తొందర లేదు. దారి బాగా తెలిసిన నడక.

కారు తలుపు తెరుచుకుంది. పక్క సీటు వైపు తలుపు. కాసేపు అలాగే తెరిచి ఉంది. ఎవరో ఎక్కి సర్దుకునేంత సేపు. తర్వాత మెల్లగా మూసుకుంది. అద్దం పైకెక్కిన చప్పుడు.

ఆ తర్వాత డ్రైవరు వైపు తలుపు.

"ఇద్దరున్నారు," అని గుసగుసగా అన్నాడు తమ్ముడు.

దీపాలు వెయ్యకుండానే కారు కదిలింది. మా పక్క నుంచే వెళ్లింది. స్టీరింగ్ ముందు ఒక తల కనిపించింది. పక్క సీటు నాకు కనపడలేదు. కనపడనందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. అమ్మాయి వేళ్లు నా చేతిలో చల్లబడుతున్నాయి.

తిరిగొచ్చింది. అదే చోట, అంగుళం తేడా లేకుండా ఆగింది.

తమ్ముడు ఒక్క ఉదుటున దిగి టార్చి వేశాడు.

"ఎవరది!"

తెల్లటి వెలుతురులో ఒక ఆడమనిషి. నా వయసే ఉంటుంది. కళ్లజోడు. జుట్టు ముడి. ఇంటి చెప్పులు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ భయపడలేదు.

"రెండో మనిషేది?" తమ్ముడు టార్చి పక్క సీటు మీదికి తిప్పాడు.

"దిగిపోయింది," అందావిడ. చాలా మామూలుగా. "బస్టాపులో దింపి వస్తున్నా. మొదటి బస్సు తప్పితే డ్యూటీకి అందదు."

ఎవరు, అని అడిగింది మా అమ్మాయి.

"మా అమ్మాయి."

అప్పుడు తెలిసింది. ఆ కారు వాళ్లదే. ఆవిడ రోజూ తెల్లవారుజామున కూతుర్ని బస్టాపు దాకా దింపేది. ఇక్కణ్ణించి రెండు కిలోమీటర్లు. ఎనిమిది నెలల కింద ఒక రోజు దింపి, కారు వెనక్కి తిప్పుకుంది. పిల్ల చెయ్యి ఊపుతోంది. చిన్న అద్దంలో అది చూస్తూ ఉండగానే... లారీ.

అంతే చెప్పింది. మేమూ అంతకంటే అడగలేదు.

వాళ్లాయన కారుని చూడలేక యార్డుకి ఇచ్చేశాడు. ఒక తాళం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. దారి బంకులో పెట్రోలు కూడా తనే పోయిస్తోంది. ఇల్లు వెనక సందులోనే.

నేను దగ్గరికెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల చివర్లు నా వేళ్లలాగే పగిలి ఉన్నాయి, అంట్లు తోమీ తోమీ. నాడి కొట్టుకుంటోంది. మనిషే. మనలాంటి మనిషే.

నాకు ఏడుపొచ్చింది. భయం పోయినందుకో, ఇంకెందుకో.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. మా అమ్మాయినే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"నువ్వా కొనేది?"

అమ్మాయి తల ఊపింది.

"బాగా చూసుకుంటావు. తెలుస్తోంది." కొంగు ముడిలోంచి తాళం తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. గుప్పిట మూసింది. "ఒక్కటే. పక్క సీటు మీద బరువులు పెట్టకమ్మా. దానికి ఇరుకు పడదు. చలి కూడా పడదు. ఎక్కగానే ఆ వైపు అద్దం ఎక్కించెయ్."

"అలాగేనండీ," అంది అమ్మాయి.

ఆవిణ్ణి ఇంటి దాకా దింపాం. వాళ్లాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎక్కడికెళ్లావని ఆవిణ్ణి అడగలేదు. మా తమ్ముడితో మాత్రం నెమ్మదిగా అన్నాడు. "తాళం పోయిందని అబద్ధం చెప్పింది నేనే. ఆవిడ గుప్పిట్లో చూశాను. లాక్కోలేకపోయాను."

దారిలో తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా అక్కా? దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పైగా ఏడు నెలలూ రోజూ నడిపి పెట్టిందావిడ. ఇంజిన్‌కి అంతకంటే మందు లేదు."

పక్క సీటు నిజంగా ఖాళీగానే వెళ్లిందా అన్న అనుమానం నాకు అప్పుడే రావాల్సింది. రాలేదు.

కారు మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. పెరట్లో రేకుల కింద పెట్టాం. అమ్మాయి అన్నట్టే, రోడ్డు మీద ఇప్పటికే కొందరు ఆగి చూస్తున్నారు. పెట్రోలు బంకులో ఒక పెద్దాయన అమ్ముతావా అని కూడా అడిగాడట. అమ్మనంది.

నాకూ నడపడం నేర్పింది. గేరు వేసినప్పుడల్లా కళ్లు మూసుకోకమ్మా అని నవ్వుతుంది. డ్రైవరు సీటు నేను ముందుకి జరుపుకోవాలి. ఆవిడ ఎంత ముందుకి జరిపేదో, నాకూ అంతే కావాలి.

అమ్మాయి ఆ పక్క సీటు మీద చేతిసంచి కూడా పెట్టదు. పిచ్చిదానా అనేదాన్ని.

నాకు మాత్రం మా తమ్ముడి అలవాటు అంటుకుంది. పొద్దున్నే పాలు తీసుకోడానికి బయటికొస్తే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. చల్లగా ఉంటుంది. ఈ నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా వేడి లేదు. చల్లగా తగిలితే చాలు, ఆ రోజంతా నాకు ధైర్యం.

మొన్న అమ్మాయి కంటి పరీక్షల క్యాంపుకి వెళ్లింది. ఆసుపత్రి బస్సులో. మూడు రోజుల క్యాంపు. రెండు తాళాలూ నా బీరువాలో పెట్టాను.

నిన్న సాయంత్రం ఆసుపత్రి మనిషి కళ్లజోళ్ల ఫ్రేముల అట్టపెట్టె ఒకటి తెచ్చిచ్చాడు. బరువుగా ఉంది. ఇంట్లో కాళ్లకి అడ్డమని కారులో పెట్టాను. పక్క సీటు మీద. నేనే, నా చేతుల్తోనే పెట్టాను. తలుపు వేసి తాళం బీరువాలో పడేశాను.

రాత్రంతా ముసురు. ఇవాళ పొద్దున్న లేచేసరికి ఒకటే చలి.

బానెట్ మీద చెయ్యి పెట్టాను. మంచుగడ్డలా ఉంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరగబోయాను.

ముందు అద్దం తేటగా ఉంది. వెనక అద్దం తేటగా ఉంది. పక్క సీటు కిటికీ అద్దం ఒక్కటే... మసకగా ఉంది.

కొంగుతో తుడిచాను. పోలేదు.

ఇంకోసారి తుడిచాను.

మసక లోపలి వైపుంది.

తాళం తెచ్చాను. రెండుసార్లు కన్నం తప్పింది. తలుపు తీశాను.

అట్టపెట్టె వెనక సీటులో ఉంది. నిటారుగా, తాడు ముడి పైకి ఉండేటట్టు, జాగ్రత్తగా పెట్టి ఉంది.

ముందు సీటు మీద అరచెయ్యి పెట్టాను.

గోరువెచ్చగా ఉంది. పిల్ల పడుకున్న పక్క ఎలా ఉంటుందో... అలా.

నేను అరవలేదు. ఎందుకు అరవలేదో నాకు తెలీదు. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశాను.

తమ్ముడికి చెప్పలేదు. వాడు మీటరు చూస్తానంటాడు. మీటరు నేనూ చూశాను. కదల్లేదు. ఈసారి కారు కదలాల్సిన పని లేదు. లోపల ఆ పిల్ల ఎదురుచూస్తోంది, అంతే.

రేపు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆసుపత్రి బస్సు మా అమ్మాయిని మలుపు దగ్గర దింపుతుంది. ఆ వేళప్పుడు అక్కడ తనని ఒక్కదాన్నీ నిలబడనివ్వను. కారు వేసుకుని నేనే వెళ్తాను. ముందే వెళ్తాను.

నన్ను చూడగానే పరిగెత్తుకొస్తుంది. ఎప్పటిలాగే పక్క తలుపు మీద చెయ్యి వేస్తుంది.

తను తియ్యకముందే చెప్పాలి...

వెనక కూర్చోమని.